చీపురు చూపించారు, చట్టం చెప్పలేదు

రాష్ట్రపతి ఎన్నికలో మాకు ఓటు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎంపీలూ ఎమ్మెల్యేలూ వేసుకుంటారు, ఒక్కో ఓటుకు ఇంత విలువని లెక్క కడతారు, ఢిల్లీలో పెట్టెలు విప్పుతారు. మరి రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో, తుంగభద్ర ఎడమ కాలువ కింద వడ్లు పండించుకునే ముసలాడికి ఈ గోల ఎందుకయ్యా అంటారేమో. ఓటు లేనివాడికే నోరెక్కువ. పైగా అప్పట్లో మా క్యాంపులో ఆ నోటికి పని చెప్పినవి పేపర్లే.

నా గొణుగుడంతా ఒక్క సంగతి మీదే. పార్టీ గుమ్మంలోంచి రాకుండా, బయటినుంచి ఒక మనిషి వచ్చి రాష్ట్రపతి పదవికి నిలబడితే, అతని వెనక ఉన్న విషయమేమిటో మా రోజుల్లో పేపరు చదివితే తెలిసేది. ఒప్పుకునేవాళ్లు ఒప్పుకునేవాళ్లు, తిట్టేవాళ్లు తిట్టేవాళ్లు. ఇప్పుడు సాయంత్రం టీవీ పెడితే ఆ మనిషి ఏం కట్టుకున్నాడో, ఏ గుడికెళ్లాడో, ఎవరెవరు ఏడ్చారో తెలుస్తుంది. విషయం మాత్రం తెలియదు.

ముందు మా పేపరు సంగతి చెప్పాలి. మా నాన్న గోదావరి జిల్లాలో ఉన్న కాస్తా అమ్ముకుని, డ్యాము నీళ్లొస్తున్నాయంటే ఇటు వచ్చాడు. అలా వచ్చినవాళ్లవే ఈ క్యాంపులన్నీ. అప్పటికి రాయచూరు మైసూరు రాష్ట్రంలో ఉంది. అంతకుముందు 1956 దాకా నైజాం వైపు, హైదరాబాదు రాష్ట్రంలో. కర్ణాటక అనే పేరు 1973లో వచ్చింది. తెలుగు పేపరు రైలెక్కి రాయచూరులో దిగి, మాన్వి మీదుగా బస్సులో సింధనూరు చేరి, అక్కడినుంచి ఎవరి సైకిలు మీదో క్యాంపుకు వచ్చేసరికి ఒక రోజు పాతబడేది. వానాకాలమైతే ఇంకా పాతబడేది. అయినా సరే, ఒకడు పైకి చదివేవాడు, పది మంది వినేవాళ్లు. హోటల్లో ఒగ్గరణె, మిర్చి తింటూ పక్కూరి గౌడరు ప్రజావాణి చదివి కన్నడంలో చెప్పేవాడు. మేము ఆంధ్రప్రభో, ఆంధ్రజ్యోతో పట్టుకుని తెలుగులో ఎదురు చెప్పేవాళ్లం. ఎర్రజెండా ఇంటివాళ్లకు విశాలాంధ్ర వచ్చేది. అది ఎటు రాస్తుందో విప్పకముందే తెలుసు. తెలుసు కాబట్టే ఇబ్బంది లేదు. పక్షం ఉన్న పేపరు పక్షం ఉన్నట్టే కనిపించేది. నేను నిష్పక్షపాతిని అని మెడలో పలక వేసుకుని తిరిగేది కాదు.

1967లో కోకా సుబ్బారావు గారు నిలబడ్డారు. రాజమండ్రి మనిషి. దేశానికి ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నవాడు. రిటైరు కావడానికి ఇంకా మూడు నెలలుండగా, ఏప్రిల్లో, ఆ కుర్చీ దిగి ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకిర్ హుసేన్ గారి మీద పోటీకి వచ్చాడు. అంతకంటే బయటివాడు ఎవడుంటాడు? ఏ పార్టీలోనూ లేడు, ఏ ఎన్నికా గెలవలేదు. జడ్జీ రాజకీయంలోకి దిగడమేమిటి, నిన్నటిదాకా ఇచ్చిన తీర్పులను జనం ఇక ఏ కంటితో చూస్తారు అని ఒక వైపు గోల. చట్టం తెలిసినవాడు రాష్ట్రపతి అయితే తప్పేమిటి అని రెండో వైపు. రెండూ గట్టి మాటలే. ఇప్పటికీ నాకు ఇందులో ఎటు తేల్చుకోవాలో తెలియదు.

కానీ మా క్యాంపులో అసలు రగడ ఆ జడ్జీ గారు దిగిపోబోయే ముందు ఇచ్చిన తీర్పు మీద జరిగింది. గోలక్‌నాథ్ కేసు. 1967 ఫిబ్రవరి 27. పంజాబులో జలంధర్ దగ్గర గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాల చిల్లర భూమి. 1953 నాటి పంజాబు చట్టం ప్రకారం తలా 30 ఎకరాలు ఉంచుకోండి, కౌలుదార్లకు కొంత, తక్కింది మిగులు అన్నారు. వాళ్లు కోర్టుకెక్కారు. పదకొండు మంది జడ్జీలు కూర్చున్నారు, ఆరుగురు ఒక వైపు, అయిదుగురు ఒక వైపు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురి మాట నెగ్గింది. అప్పటికి ఆస్తి కూడా ప్రాథమిక హక్కే. అయితే తీర్పు ఇకముందుకే వర్తిస్తుంది, వెనక జరిగిన సవరణలు అలాగే ఉంటాయన్నారు. దాంతో కేసు వేసిన గోలక్‌నాథులకే ఆ తీర్పు వల్ల ఎకరం దక్కలేదు!

మరి ఈ సంగతి మాకెలా తెలిసింది? పేపరు చదివే. ఎకరాల లెక్కతో సహా చదివాం. భూమి కోసం ఊరు వదిలి వచ్చినవాళ్లం మేము. సీలింగు అనే మాట వింటే పెద్ద రైతుకు నిద్రపట్టదు, కూలివాడికి ఆశ పుడుతుంది. ఇద్దరూ ఒకే హోటల్లో, ఒకే పేపరు ముందు. పెద్ద కమతం ఉన్నవాడు సుబ్బారావు దేవుడన్నాడు. పాలికాపు కొడుకు, కాస్త చదువుకున్నవాడు, ఆ దేవుడు నీకే గాని నాకు కాదన్నాడు. అభ్యర్థి కులం, గోత్రం, ఆయన పంచె అంచు ఎవరికీ పట్టలేదు. ఆయన రాసిన తీర్పు పట్టింది. మే నెలలో లెక్క తేలితే జాకిర్ హుసేన్ గారికి 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971. ఓడినవాడికీ అన్ని ఓట్లు రావడం అంతకుముందు ఎప్పుడూ లేదు.

అన్నట్టు, ఆ 1967లో బరిలో పదిహేడు మంది. తొమ్మిది మందికి ఒక్క ఓటూ పడలేదు. చౌదరి హరిరాం అని ఒకాయన 1952 నుంచి 1969 దాకా జరిగిన అయిదు రాష్ట్రపతి ఎన్నికల్లోనూ నిలబడ్డాడు. 1957లో, 1962లో రెండో స్థానం కూడా ఆయనదే, ఎందుకంటే ఇంకెవరూ గట్టిగా నిలబడలేదు. ఆయన పేరు చదివినప్పుడు హోటల్లో నవ్వేవాళ్లం. నవ్వినా పేరు తెలుసు. తర్వాత 1974లో చట్టం సవరించారు. పది మంది ప్రతిపాదించాలి, పది మంది బలపరచాలి, 2,500 రూపాయలు కట్టాలి అన్నారు. 1997లో అది యాభై, యాభై, 15,000 అయింది. ఇక హరిరాములు రారు. మంచిదే అంటారు కొందరు. నేననను.

అసలు వేడి 1969లో.

ఆ మే 3న జాకిర్ హుసేన్ గారు పోయారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి. గిరి గారు మాకు కొత్త కాదు. 1965 నుంచి 67 దాకా మా మైసూరు రాష్ట్రానికి గవర్నరు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, రైల్వే కార్మికుల నాయకుడు, 1937లో బొబ్బిలి రాజానే ఎన్నికలో ఓడించినవాడు. జూలైలో బెంగళూరు లాల్‌బాగ్ గాజుమేడలో కాంగ్రెసు సభ. పార్టీ అధ్యక్షుడు మా నిజలింగప్ప గారు. పార్లమెంటరీ బోర్డులో ఇందిరమ్మ జగ్జీవన్ రాం పేరు పెడితే నెగ్గలేదు; నీలం సంజీవరెడ్డి గారి పేరు నెగ్గింది. అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అప్పుడు లోక్‌సభ స్పీకరు. గిరి గారు ఊరుకోలేదు. పార్టీ ఇవ్వకపోతే పోనీ, నేనే నిలబడతానన్నారు.

చూడండి ఆ రోజులు. జూలై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టారు. మర్నాడు, 20న, రాజీనామా. అదే సమయానికి అక్కడ అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగారు. మాకు పేపర్లు వచ్చేసరికి ఒకే పుటలో చంద్రుడు, గిరి, బ్యాంకులు. ఏది ముందు చదవాలో తెలియక చదివేవాడు తికమక పడ్డాడు. మా నాన్న మాత్రం, చంద్రుడెక్కడికీ పోడు, బ్యాంకు సంగతి చదవరా అన్నాడు. ఎందుకంటే పంట అప్పు అంటే మాకు గంజ్ మార్కెట్టులో కమిషను షాపు షావుకారే. విత్తనానికీ, ఎరువుకీ అతనే. పంట వచ్చాక ధర చెప్పేదీ అతనే. బ్యాంకు గుమ్మం మేమెక్కే గుమ్మం కాదు. ఆ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టిన చెయ్యే నామినేషన్ మీదా సంతకం పెట్టింది. అలా మా క్యాంపులో సగం మంది గిరి పక్షం అయిపోయారు, ఓటు లేకుండానే.

మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్ గారు. ఐసీఎస్, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, కేంద్రంలో ఆర్థికమంత్రిగా చేసినవాడు. స్వతంత్ర పార్టీ, జనసంఘం నిలబెట్టాయి. దుర్గాబాయి గారి భర్త కాబట్టి ఆయనా మన అల్లుడే. అంటే ముగ్గురూ తెలుగింటికి కావలసినవాళ్లే. ఇక తెలుగువాడికి వెయ్యండి అని అరిచే అవకాశం ఎవరికీ లేకుండా పోయింది. దాంతో విషయం మీద మాట్లాడక తప్పలేదు! మా రాయచూరు ఎంపీ అప్పుడు స్వతంత్ర పార్టీ మనిషి, రాజా వెంకటప్ప నాయక్. ఆయన పార్టీ మొదటి ఓటు దేశ్‌ముఖ్‌కు, రెండోది సంజీవరెడ్డికి. కమ్యూనిస్టులు రెండు రకాలవాళ్లూ, డీఎంకే, అకాలీలు గిరి వైపు. ఇందిరమ్మ, ఎవరి అంతరాత్మ ఏం చెబితే దానికే ఓటు వెయ్యమంది. మా గౌడరు నవ్వి, రాజకీయనాయకుడికి అంతరాత్మ ఉందని ఢిల్లీవాళ్లు ఈ ఏడే కనిపెట్టారు కణ్రీ అన్నాడు.

అప్పట్లో అన్నీ పుణ్యకార్యాలే జరిగాయని చెప్పబోవడం లేదు. రేడియో సర్కారు వారిది. ఢిల్లీలో ఎవరు కుర్చీలో ఉంటే వాళ్ల గొంతే అందులో ముందు వినబడేది. ఆకాశవాణి తెలుగు వార్తలకు తొలినాళ్ల గొంతు కొంగర జగ్గయ్య గారిది. ఆయనే 1967లో ఒంగోలు నుంచి ఎంపీ అయి, ఈ ఎన్నికలో ఓటరయ్యాడు. మాకందరికీ అది తమాషాగా ఉండేది. వార్త చదివిన నోరు ఇప్పుడు ఎవరికి వేస్తుందో అని.

రేడియో పక్షపాతం కంటే పెద్ద పాపం ఇంకొకటి జరిగింది. సంజీవరెడ్డి గారి మీద, పేరూ ఊరూ లేకుండా, బూతు కరపత్రం ఒకటి అచ్చువేసి ఎంపీలకు పంచారు. పార్లమెంటు సెంట్రల్ హాల్లోనే పంచారు. అందులో ఏముందో మా దాకా రాలేదు. వచ్చి ఉంటే మా క్యాంపు వాళ్లు మాత్రం తక్కువా, గుమిగూడి చదివేవాళ్లే. రాలేదు, ఎందుకంటే మా చేతికొచ్చే పేపర్లు దాన్ని మోసుకు రాలేదు. కరపత్రం గురించి రాశాయి గాని, కరపత్రాన్ని మళ్లీ అచ్చు వెయ్యలేదు. ఈ తేడా ఈ కాలం పిల్లలకు చెబితే అర్థం కాదు. ఇప్పుడైతే దాన్ని తెర మీద పెద్దక్షరాలతో చూపిస్తూ, ఎంత ఘోరమో చూశారా, మళ్లీ చూద్దాం అంటారు.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్క. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769. గెలవడానికి అది చాలదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపితే గిరి 4,20,077, రెడ్డి 4,05,427. ఇన్ని అంకెలు నాకెలా గుర్తు అంటారా, ఆ రోజు హోటలు గోడ మీద బొగ్గుతో రాశాం. చాన్నాళ్లు ఎవరూ చెరపలేదు. రెండో ప్రాధాన్యం అంటే ఏమిటో, ఓట్లు ఎలా బదిలీ అవుతాయో మాకు బడి చెప్పలేదు, పేపరు చెప్పింది. పాలికాపు కొడుకు పేడతట్ట మీద గింజలు పోసి లెక్క చేసి చూపించాడు.

తర్వాత సుప్రీంకోర్టులో కేసు. ఆ కరపత్రం గురించే. ఎన్నికైన రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాడు. అంతకుముందు ఏ రాష్ట్రపతీ అలా నిలబడలేదు. కరపత్రం పంచిన మాట నిజమే గాని, అందులో గిరి గారి చెయ్యి ఉందని రుజువు కాలేదని 1970లో కేసు కొట్టేశారు. ఎవరు రాశారో, ఎవరు పంపారో అన్న వాదన నడిచినంత కాలం పేపర్లో వాంగ్మూలాలు వచ్చాయి. ఒక బురదజల్లుడు గురించి దేశంలోని అతిపెద్ద కోర్టు సాక్షులను పిలిచి విన్నది. ఇప్పుడు రోజుకు వంద కరపత్రాలు ఫోనులోకి వస్తాయి, ఏ కోర్టు వింటుంది?

ఓడిన సంజీవరెడ్డి గారి కథ కూడా రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. 1977లో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద జనతా పార్టీ తరఫున గెలిచింది నంద్యాలలో ఆయనొక్కడే. ఆ జూలైలో ముప్ఫై ఏడు మంది నామినేషన్లు వేస్తే ముప్ఫై ఆరు చెల్లలేదు; ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు.

టీవీలు వచ్చాక బయటివాడి బతుకు మారింది. 2002లో కలాం గారు. రాకెట్లవాడు, రాజకీయం అంటనివాడు. మంచివాడే, కాదని నేననను. కాని ఆ నెలంతా టీవీలో ఆయన జుట్టు చూశాం, వీణ చూశాం, మళ్లీ జుట్టు చూశాం. ఆయన మీద ఎదురు నిలబడ్డది లక్ష్మీ సెహగల్ గారు. సుభాష్ బోసు సైన్యంలో ఝాన్సీరాణి దళానికి కెప్టెను, అప్పటికి 87 ఏళ్ల మనిషి. గెలవదని ఆమెకూ తెలుసు. 9,22,884కు 1,07,366. తెలిసీ ఎందుకు నిలబడ్డదో, ఏం చెప్పాలనుకున్నదో పూర్తిగా వినిపించిన టీవీ మా ఇంట్లో పట్టలేదు. పాపం ముసలావిడ అన్నారు. అది ఆమెకు గౌరవమా?

సరే, 2022. ఇక్కడే నాకు మండేది. జూన్ 21 రాత్రి ద్రౌపది ముర్ము గారి పేరు ప్రకటించారు. సంతాలీ ఆదివాసీ స్త్రీ, ఒడిశా మయూర్‌భంజ్ జిల్లా. మర్నాడు పొద్దున్నే రాయ్‌రంగ్‌పూర్ శివాలయంలో ఆమె చీపురు పట్టుకుని నేల ఊడుస్తుంటే తీసిన బొమ్మలు మొదలు. రోజంతా అదే. ఆమె అలవాటుగా చేసే పని, ఆమె భక్తి, దానిలో తప్పేముంది? తప్పు ఆమెది కాదు. ఒడిశాలో మంత్రిగా చేసిన మనిషి, ఆరేళ్లు ఝార్ఖండ్ గవర్నరుగా ఉన్న మనిషి. ఆమెను చూపించడానికి చీపురు తప్ప ఇంకేమీ దొరకలేదా అన్నదే నా కోపం. ఆ తర్వాత ఆమె పుట్టిన ఉపర్‌బెడ ఊళ్లో డూంగురిషాహి అనే పేటకు కరెంటే లేదని బయటపడింది. స్తంభాలు పట్టుకుని పరుగెత్తారు. ఇది మాత్రం ఒప్పుకోవాలి, కెమెరా వెళ్లబట్టే ఆ పేటకు తీగ వచ్చింది. అయితే స్తంభం పాతేదాకా చూపించి కెమెరా వెనక్కి వచ్చేసింది. ఇన్నేళ్లు ఎందుకు లేదు అన్న ప్రశ్న అక్కడే పాతేశారు.

ఇంతకీ వాళ్లు చెప్పనిదేమిటో నేను చెబుతాను. ఝార్ఖండ్‌లో ఆదివాసుల భూమి చెయ్యిమారకుండా కాపాడే చట్టాలు రెండున్నాయి. ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం, 1908. సంతాల్ పరగణాల కౌలు చట్టం, 1949. సాగుభూమిని వేరే పనులకు వాడుకునేలా వాటిని సవరిస్తూ 2016లో అక్కడి బీజేపీ ప్రభుత్వం బిల్లులు పెట్టింది. ఆదివాసులు రోడ్డెక్కారు. 2017లో ఆ బిల్లులను సంతకం పెట్టకుండా వెనక్కి పంపిన గవర్నరు ద్రౌపది ముర్ము. తన పార్టీ ప్రభుత్వం పంపిన బిల్లులనే! ఆమె బతుకులో చూపించాల్సిన బొమ్మ ఉంటే అదీ.

మా క్యాంపుల్లో ఇలాంటి వార్త ఎంత లోతుగా దిగుతుందో ఆ టీవీవాళ్లకు తెలియదు. ఇక్కడ పీటీసీఎల్ అంటే చిన్నపిల్లాడికీ తెలుసు. షెడ్యూల్డు కులాలకూ తెగలకూ సర్కారు ఇచ్చిన భూమి అనుమతి లేకుండా అమ్మితే చెల్లదని 1978 నాటి కర్ణాటక చట్టం. కొనేముందు పహాణీ తిరగేసి, అది పీటీసీఎల్ భూమి అవునా కాదా అని చూసుకోనివాడు ఇక్కడ లేడు. చూసుకోక కొన్నవాడు ఏమయ్యాడో కూడా తెలుసు. అమ్ముకున్నవాడి వైపూ న్యాయముంది, కొన్నవాడి వైపూ కష్టముంది. ముర్ము గారు వెనక్కి పంపిన ఆ బిల్లుల సంగతి ఒక్క గంట చెప్పి ఉంటే మా హోటల్లో వారం రోజులు మాట్లాడుకునేవాళ్లం. గోలక్‌నాథ్ నాటిలాగా రెండు పక్షాలు అయ్యేవాళ్లం. ఆమె గెలుపు ఎలాగూ ఖాయమే, 6,76,803కు 3,80,177. ఎదురు నిలబడ్డ యశ్వంత్ సిన్హా గారు ఏమన్నారో అదీ అంతంతమాత్రంగానే వినబడింది.

ఇక 2025. ఇది ఉపరాష్ట్రపతి ఎన్నిక, అయినా వరస అదే. మళ్లీ ఒక తెలుగు జడ్జీ! సుబ్బారావు గారి తర్వాత యాభై ఎనిమిదేళ్లకు, రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారం మనిషి, సుప్రీంకోర్టులో రిటైరయిన బి.సుదర్శన్ రెడ్డి గారు ప్రతిపక్షాల తరఫున నిలబడ్డారు. సుబ్బారావు గారికి గోలక్‌నాథ్ తీర్పు ఎలాగో, ఈయనకు సల్వాజుడుం తీర్పు అలా వెంట వచ్చింది. 2011 జూలై 5న, ఆయనా జస్టిస్ నిజ్జర్ గారూ ఇచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో అయిదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లను నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం మీద ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి, తుపాకీ ఇచ్చి మావోయిస్టుల మీదికి తోలడం రాజ్యాంగానికి విరుద్ధం అన్నారు.

కేంద్ర హోంమంత్రి, ఆ తీర్పే లేకుంటే నక్సలిజం 2020కే ముగిసిపోయేదన్నారు. తీర్పు నాది కాదు, సుప్రీంకోర్టుది. నలభై పుటలుంది, చదివితే అలా అనేవారు కాదు అని ఈయన జవాబిచ్చారు. రెండూ చర్చించదగ్గ మాటలే. ప్రభుత్వం కష్టం ప్రభుత్వానికుంది. నిజంగా మంచి రగడ జరగాల్సిన చోటు ఇది. ఏం జరిగింది? తెర మీద ఎనిమిది కిటికీలు, ఎనిమిది నోళ్లు. ఒక కిటికీ నక్సలైటు అంటుంది, ఇంకో కిటికీ దేశద్రోహం అంటుంది, ఆ పక్క కిటికీ రాజ్యాంగం అని అరుస్తుంది. ఆ నలభై పుటల్లో నాలుగు వాక్యాలు చదివి వినిపించినవాడు, నేను చూసినంతలో, లేడు. ఆ కుర్రాళ్ల వయసు, చదువు, జీతం చెప్పినవాడు లేడు. కళ్లంలో తూర్పార పడితే పొల్లు ఎగిరి గింజ నిలవాలి. వీళ్లు పట్టే తూర్పారకు గింజ ఎగిరిపోయి పొల్లు కుప్ప పడుతోంది.

మన తెలుగు ఛానళ్లు ఇంకో దారి పట్టాయి. తెలుగు బిడ్డకు తెలుగు పార్టీలు వేస్తాయా వెయ్యవా? అదొక్కటే ప్రశ్న. తెలుగుదేశం ఎన్డీయేలో ఉంది, వైఎస్సార్ కాంగ్రెసూ అటే అంది, భారాస ఎటూ వెయ్యనంది. లెక్క తేలింది: సెప్టెంబరు 9న ఎన్డీయే అభ్యర్థి రాధాకృష్ణన్ గారికి 452, సుదర్శన్ రెడ్డి గారికి 300. సరే, తెలుగు బిడ్డే. ఏం తీర్పు రాసిన తెలుగు బిడ్డ? అది అడగరేం?

మా మనవడు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. పండక్కొచ్చి నా గొణుగుడు విని, తాతా, నీ రోజుల్లో తీర్పు చూడాలంటే పేపరు దయ, ఇప్పుడు ఇదిగో అని ఫోనులో నిమిషంలో ఆ నలభై పుటలూ తెరిచి చేతికిచ్చాడు. ఝార్ఖండు బిల్లులూ చూపించాడు. వాడన్నది నిజం. మాకు ఒక రోజు పాత పేపరు తప్ప గతి లేదు; వాళ్లకు లోకంలో ఉన్న కాగితమంతా జేబులో ఉంది. అందుకే నా కోపం రెట్టింపయింది. రైలూ, బస్సూ, సైకిలూ మారి మా దాకా గోలక్‌నాథ్ ఎకరాల లెక్క వచ్చిందే, మరి నిమిషంలో దొరికే తీర్పును చదివి చెప్పడానికి స్టూడియోలో కూర్చున్నవాడికి ఏమడ్డం? దొరకలేదు అని ఇప్పుడు ఎవడూ అనలేడు. చదవలేదు అనాలి. చదివితే జనం చూడరు అంటారా, మా హోటలు గోడ మీది బొగ్గు అంకెలు చూసినవాడిని నేను, ఆ మాట నా దగ్గర చెల్లదు.

2027 జూలైలో మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక ఉంది. ఈసారీ ఎవరో ఒక బయటి మనిషి నిలబడతారు, గెలవడానికో ఓడడానికో. ఛానళ్ల బాబులకూ, పేపర్ల అయ్యలకూ ఓటు లేని ఈ ముసలాడి మనవి ఒకటే: ఆ మనిషి వాకిట్లోకి కెమెరా పంపేముందు, ఆ మనిషి సంతకం పెట్టిన కాగితం, పెట్టనన్న కాగితం తెప్పించి చదవండి. చదివి మాకు చెప్పండి. తిట్టాలో మెచ్చుకోవాలో మేము చూసుకుంటాం.